డ్రైవింగ్ స్కూలు కారులో గొడుగు పాట

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. సంగీత నాటకాలంటే నాకు నమ్మకం లేదు. అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నాడంటే, వీడేదో దాస్తున్నాడనిపిస్తుంది నాకు. ఇలాంటి బుద్ధి ఉన్నదాన్ని కాబట్టి ఈ కథలో నేను పూర్తిగా భూతద్దం పక్షం. తీర్పు చెప్పేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

భూతద్దం అంటే మనిషే. కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. తమ చూపు దివ్యంగా ఉందని చాటుకునేవాళ్ళు కొందరు బయట బెంచీ మీద కూర్చుని, తెర సందులోంచి బోర్డు మీది అక్షరాలు కంఠస్థం చేసుకుని మరీ లోపలికొస్తారు. ఆమె వాళ్ళ గడ్డం స్టాండు మీద పెట్టించి, నవ్వుతూనే బోర్డు మార్చేస్తుంది. పాపం, వాళ్ళు పాత బోర్డే గడగడా చదువుకుంటూ పోతారు. రోజంతా ఇలాంటివాళ్ళని పట్టుకునే మనిషికి సాయంత్రానికి లోకం మీద పెద్ద నమ్మకం మిగలదు. ఇంట్లో చక్కెర డబ్బా మూత వదులుగా కనిపించినా ఎవరు తీశారని ఆరా తీస్తుంది. అందుకే నాటకాల బృందంలో ఆమెకి ఆ పేరు పెట్టారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు.

ఆ బృందంలో నటనతో పొట్ట పోసుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. పగలు ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి, సాయంత్రం అయ్యేసరికి అందరూ డ్రైక్లీనింగ్ షాపు మీదున్న పొడవాటి గదిలో చేరతారు. కింద ఇస్త్రీ యంత్రాలు ఆవిరి వదిలినప్పుడల్లా గది నేల వెచ్చబడుతుంది. ఎవరైనా బరువైన డైలాగు చెప్పి ఆగారంటే, సరిగ్గా అప్పుడే కిందనుంచి బుస్సుమంటుంది. డైరెక్టరు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఏళ్ళ తరబడి పక్క సీట్లో కూర్చుని జనాన్ని ప్రమాదాల నుంచి తప్పించిన అలవాటు కొద్దీ, ఎవరైనా శ్రుతి తప్పితే ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కుతుంది. నోరెత్తి ఒక్క తిట్టు తిట్టడు. ఆ కాలు చాలు.

ఈసారి వేస్తున్నది రైల్వే స్టేషన్ నాటకం. ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే కౌంటరులో పనిచేసే ఒకావిడ కథ. ఎవరూ అడగడానికి రాని ఒక గొడుగుని చేతిలో పట్టుకుని ఆవిడ పాడే పాట నాటకానికి ప్రాణం.

ఎవరో మరిచిన గొడుగా,
నీ వాన ఎక్కడ కురుస్తోంది?

'ఎక్కడ' అన్నచోట గొంతు మేడెక్కి కూర్చోవాలి. ఆ కౌంటరావిడ వేషం భూతద్దానికి వచ్చింది. అంతకుముందు ఆమె వేసినవన్నీ గుంపులో వేషాలు. నలుగురు ప్రయాణికుల్లో ఒకతి, పెళ్ళివారిలో ఒకతి. ఒకసారి నల్లగుడ్డ కప్పుకుని తుఫానులో నాలుగోవంతుగా కూడా నిలబడింది. ముఖం కనిపించే వేషం ఇదే మొదలు. నీలం కోటు, ఇత్తడి గుండీలు, చివర్లో ఒంటరిగా వెలుగులో నిలబడి వంగి దణ్ణం పెట్టే అవకాశం. ఆ వేషం చేజారితే మళ్ళీ తుఫానే గతి అని ఆమెకి తెలుసు.

చేజారడానికి దారి ఆ బృందమే వేసి పెట్టింది. దాన్ని వాళ్ళు నీడ అంటారు.

ఒకప్పుడు హీరోయిన్‌కి ఆటలమ్మ పోసి నాటకం మొత్తం ఆగిపోయిందట. అప్పట్నుంచి ప్రతి వేషానికీ ఒక నీడ ఉండాలన్నది మాస్టారి నియమం. అసలు మనిషి రాలేకపోతే ఆ వేషం కట్టడానికి గుంపులోనే ఎవరో ఒకరు రహస్యంగా అంతా నేర్చుకుని ఉంటారు. ఎవరి నీడ ఎవరో మాస్టారికి తప్ప తెలియకూడదు. ముందు బాహాటంగానే పెట్టి చూశారు కానీ, అసలు మనిషీ నీడా ఒకరినొకరు చూసుకునే చూపులకి వాళ్ళ మధ్య మాటలే లేకుండా పోయాయి, ఒకాయన అయితే వేషం నీడకి ఇవ్వాల్సొస్తుందని మండే జ్వరంతో స్టేజీ ఎక్కి అక్కడే కూలబడ్డాడు. అందుకే ఇప్పుడు అంతా గుట్టు. నియమాలు రెండే. అసలు మనిషి తన నోటితో 'నా వల్ల కాదు' అంటేనే నీడ దిగాలి. అసలు మనిషికి ఒంట్లో బాగాలేదని నీడకి తెలిస్తే మాస్టారికి చెప్పి తీరాలి.

మిగతావాళ్ళు ఈ పద్ధతికి అలవాటు పడిపోయారు. మరి భూతద్దంలాంటి మనిషికి, నీ వేషం కోసం కాచుకున్నవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు, పేరు మాత్రం చెప్పం అంటే ఎలా ఉంటుంది? పైగా నాటకం దగ్గరపడే కొద్దీ ఆమె గొంతులో గరగర మొదలైంది. పొద్దున లేవగానే ఇసుక మింగినట్టు ఉంటోంది. ఆ సంగతి పైకి పొక్కనివ్వలేదు. దగ్గు వస్తే చీపురు పట్టుకుని గది ఊడ్చేది, దుమ్ముకి దగ్గింది అనుకుంటారని.

ముందు షాపు తెలివే వాడింది. రిహార్సల్లో పాట మధ్యలో కావాలని ఒక ముక్క మరిచిపోయినట్టు ఆగింది. ఎవరి పెదాలు ఆ ముక్కని అందుకుంటాయో వాళ్ళే నీడ. గొడుగు వంక చూస్తున్నట్టు నటిస్తూ గది అంతా కలియజూసింది. గుంపులో అందరి పెదాలూ కదిలాయి. స్టేషన్ మాస్టరు వేషం వేసే బేకరీ ఓనరు పెదాలు కదిలాయి. ఆవిరి ఎక్కువైందని కిటికీ తెరవమని చెప్పడానికి మెట్లెక్కి వచ్చిన డ్రైక్లీనింగ్ షాపాయన కూడా గుమ్మంలో నిలబడి 'నీ వాన ఎక్కడ' అంటున్నాడు.

ఆ దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది సాక్ష్యాలు. అవన్నీ ఒక్కరి వైపే వేలు పెట్టి చూపించాయి. వదిన వైపు.

వదిన అంటే ఆమె అన్న భార్య. నాటకాల్లో బట్టల పని చూస్తుంది, గుంపులో పాడుతుంది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఎవరికి ఆకలేసినా తన సంచీలోంచి ఏదో ఒకటి తీసి పెడుతుంది. సాక్ష్యం ఒకటి, నీలం కోటు కుట్టించి తెచ్చిన రోజు ముందు తనే తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ తిరిగింది. అడిగితే "భుజాలు ఎలా కూర్చున్నాయో చూడొద్దూ" అంది. భుజాలు చూడ్డానికి అంత చిరునవ్వు దేనికో. ఇంకొకటి, అడక్కుండానే రోజూ ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చి "తాగు, గొంతుకి మంచిది" అంటోంది. గొంతు సంగతి ఆవిడకెవరు చెప్పారు? అన్నిటికంటే పెద్దది, ఇన్నేళ్ళూ అన్న వెనకాల స్కూటరెక్కి తిరిగిన మనిషి ఉన్నట్టుండి కారు నేర్చుకుంటానంది. అదీ మాస్టారి దగ్గర.

"అన్నయ్యకి కారు లేదుగా వదినా, నేర్చుకుని ఏం చేస్తావు?" అని అడిగింది భూతద్దం.

"కారు కొన్నాక నేర్చుకుంటే మీ అన్నయ్య ముందు నేర్చేసుకుంటాడు. అప్పుడు జీవితాంతం పక్క సీట్లో కూర్చుని ఆయన పాండిత్యం వినాలి. వద్దమ్మా, నాకా శిక్ష వద్దు."

జవాబు బాగానే ఉంది. మరీ బాగా ఉండటమే ఆమెకి నచ్చలేదు.

కళ్ళజోళ్ళ షాపు సరిగ్గా కూడలిలో ఉంటుంది. ఓ మధ్యాహ్నం ఒక పెద్దాయనకి అద్దాలు మార్చి మార్చి చూపిస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అంటుండగా అద్దాల తలుపు అవతల సిగ్నల్ దగ్గర డ్రైవింగ్ స్కూలు కారు వచ్చి ఆగింది. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, అంత ఎండలోనూ. డ్రైవర్ సీట్లో వదిన. చేతులు స్టీరింగుని ప్రాణంగా పట్టుకున్నాయి, నోరు మాత్రం బార్లా తెరుచుకుని ఉంది. పాడుతోంది. పక్కన మాస్టారు తలతో తాళం వేస్తున్నాడు. పచ్చలైటు పడ్డా కారు కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి, వదిన కళ్ళు మూసుకుని రాగం లాగుతూనే ఉంది.

"రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా," అన్నాడు పెద్దాయన.

"అవునండీ," అంది భూతద్దం తలుపు వంకే చూస్తూ. "ఇన్నాళ్ళూ నాకూ అలాగే కనిపించాయి."

ఇప్పుడర్థమైంది. రిహార్సల్ గదిలో నేర్పితే నలుగురికీ తెలుస్తుంది. కారులో అయితే ఎవరికీ అనుమానం రాదు. నేర్చుకునేవాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. నీడలని మాస్టారు నడిరోడ్డు మీద, అందరి కళ్ళముందే తయారుచేస్తున్నాడు.

ఆ సాయంత్రం బట్టల బీరువా దగ్గర వదిన ఒక్కతే గుండీలు కుడుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"కారు బాగా వస్తోందా వదినా?"

"గేరు మార్చేటప్పుడు కాస్త ఏడుస్తుంది. ఎవరికైనా మార్పు కష్టమే కదా."

"గొంతు బాగా వస్తోందా అని అడుగుతున్నా."

వదిన సూది ఆపింది. "ఏ గొంతు?"

"కిటికీలు బిగించుకుని పాడేది. చూశాను."

"చెప్పకూడని మాట నన్ను అడక్కు," అంది వదిన, ఎప్పుడూ లేనంత మెల్లగా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది భూతద్దానికి.

"ఆ వేడినీళ్ళు కూడా అందుకేనా? నా గొంతు ఎలా ఉందో రోజూ కనుక్కోవడానికా?"

వదిన ఫ్లాస్కు తీసి సంచీలో పెట్టుకుని జిప్పు లాగింది. "సరేనమ్మా ఆడపడుచూ. రేపట్నుంచి కుళాయి నీళ్ళు తాగు. అవైతే ఎవరి పక్షమూ కాదు."

దారం పళ్ళతో తెంపి లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి గుంపు పాటలో వదిన గొంతు ఆమెకి దూరంగా, గదికి ఆ చివరి నుంచి వినిపించేది.

ఇక నమ్మదగిన మనిషి ఒక్కతే మిగిలింది. చెల్లి.

అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు గదుల వాటాలో ఉంటారు. చెల్లి కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది, అక్క లాక్కొస్తే బృందంలో చేరింది, గుంపులో వెనక వరసలో నిలబడి జడ కొస నములుతుంది. ఇంట్లో అక్క డైలాగులు చెప్పుకుంటుంటే ఎదుటివాళ్ళ మాటలు అందించేది అదే. స్టేషన్ మాస్టరుగా, పోలీసుగా, పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లిగా, ఒకే గొంతుతో, కూరగాయలు తరుగుతూ.

"నా గొంతు పోతోందే," అని చివరికి దానికే చెప్పింది భూతద్దం. "పై రాగం అందట్లేదు. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా వదినకి. ఆవిడే నా నీడ."

చెల్లి కత్తి ఆగింది. "వదినా? ఎలా తెలుసు?"

"చూశాను. కారులో."

చెల్లి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. "ఎవరికీ చెప్పనులే," అంది. "డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా అక్కా."

"వెళ్తే మాట్లాడొద్దంటాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే అందరికీ తెలిసిపోతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాలే."

ఉప్పునీళ్ళు వాటి పని అవి చేశాయి, గొంతు దాని పని అది చేసింది. కోట్లు, లైట్లు అన్నీ పెట్టుకుని చేసిన ఆఖరి రిహార్సల్లో 'నీ వాన' దాకా బాగానే వెళ్ళి, 'ఎక్కడ' అన్నచోట గొంతు విరిగింది. పాత తలుపు తెరిచినప్పుడు వచ్చే చప్పుడొకటి వచ్చింది, తర్వాత అదీ రాలేదు. మాస్టారి కాలు నేలకి అతుక్కుపోయింది. కింద యంత్రాలు కూడా ఆ క్షణానికి ఊరుకున్నాయి.

అందరినీ పంపించేసి మాస్టారు ఆమెని పక్కకి పిలిచాడు. "ఏమ్మా, గొంతు ఎలా ఉంది?"

"దుమ్ము మాస్టారూ. రేపటికి సర్దుకుంటుంది."

"ఆ మాట నువ్వు చెప్పాల్సిందే, నేను చెప్పలేను. నువ్వు కాదంటేనే నేను నీడని దింపేది." కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ ఆగాడు. "నీ నీడని కూడా అడిగానులే. నీకేం కాలేదని, బ్రహ్మాండంగా ఉన్నావని చెప్పింది. మరి నా చెవులే పాడయ్యాయేమో."

ఇంటికి నడుస్తుంటే ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది. బ్రహ్మాండంగా ఉన్నానని వదిన ఎందుకు చెప్తుంది? గొంతు పోయిందని అంటే రేపు వేషం ఆవిడదేగా. పోనీ నామీద ప్రేమా? ఆ ఫ్లాస్కు గొడవ తర్వాత ప్రేమా? ఒక్కటే జవాబు తోచింది. నేను స్టేజీ మీద, అంతమంది ముందు, నోరు తెరిచి పాత తలుపులా కిర్రుమనాలి. మళ్ళీ ఎవరూ నాకు వేషం ఇవ్వకూడదు. అమ్మో, ఎంత దూరం ఆలోచించింది. ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, వీధి మలుపు దాటేదాకా దానికి మెరుగులు దిద్దుకుంటూనే ఉంది.

ఇంట్లో చెల్లి సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. భూతద్దం గుమ్మంలోనే చెప్పులు వదిలి, సంచీ కింద పడేసి, కుర్చీలో కూలబడింది. రేపటి సంగతి తేలాలి కదా, ఇంకోసారి చూద్దామని మెల్లగా పాట ఎత్తుకుంది. 'ఎవరో మరిచిన గొడుగా' అంది. 'నీ వాన' దగ్గర గాలి తప్ప ఏమీ రాలేదు.

సింకు దగ్గర నుంచి పాట ముందుకెళ్ళింది.

చెల్లి వెనక్కి తిరగలేదు. ఏదో ఆలోచనలో, నీళ్ళ చప్పుడులో, తెలియకుండానే అందుకుంది. 'ఎక్కడ' అన్నచోట గొంతు మెట్లెక్కకుండానే మేడ మీద ఉంది. అది కాదు భూతద్దం చూసింది. నురగ కారుతున్న చెల్లి చేతులు రెండూ ఎదురుగా గాల్లో గుండ్రటిదేదో పట్టుకున్నట్టు లేచి ఉన్నాయి. రాగం మలుపు తిరిగేచోట రెండు చేతులూ కలిసి కుడికి తిరిగాయి. చరణం మారేటప్పుడు ఎడమచెయ్యి కిందకి దిగి లేని గేరుని ఒకటి ముందుకి తోసింది.

పాట అయ్యాక భూతద్దం కుర్చీలోంచి లేచింది.

"నువ్వా," అంది భూతద్దం.

చెల్లి చేతుల్ని చూసుకుంది. గబుక్కున గిన్నెల్లో ముంచేసింది.

"ఆఫీసులో పార్సిళ్ళు ఎక్కువయ్యాయి, లేటవుతుంది అనేదానివి. ఇవా పార్సిళ్ళు?"

"మాస్టారు అడిగారక్కా. వద్దన్నాను. 'మీ అక్క పాట ఇంట్లో రోజూ వింటావుగా, నీకైతే సగం వచ్చేసినట్టే' అన్నారు. నీకు చెప్పకూడదన్నారు."

"మరి వదిన?"

"బేకరీ ఆయనకి నీడ. మాస్టారే ఒకసారి నోరు జారారు. స్టేషన్ మాస్టరు వేషానికి. ఆ 'బండి వస్తుంది, బండి రాదు' పాట నేర్చుకుంటోంది పాపం. గేరు మార్చేటప్పుడల్లా బండి నిజంగానే ఆగిపోతుందట."

భూతద్దం నవ్వలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈమె పట్టింది, అయినా పట్టిన సంతోషం ఏ కోశానా లేదు. "నా గొంతు పోయిందని అందరికంటే ముందు నీకే తెలుసు. బాగుందని ఎందుకు చెప్పావు? నియమం ఉందిగా. చెప్పుంటే రేపు నువ్వే పాడేదానివి."

"అందుకే చెప్పలేదు."

"అంటే?"

చెల్లి కుళాయి కట్టేసింది. "నేను వెళ్ళి అక్కకి గొంతు పోయిందని చెప్తాను. వేషం నాకిస్తారు. తర్వాత? మా అక్కకి నిజంగానే బాగాలేదు అని నేను ఒట్టు పెట్టినా నువ్వు నమ్ముతావా? డెబ్భై ఏళ్ళొచ్చినా నా కంచంలోకి చూస్తూ కూర్చుంటావు, అప్పుడు నా వేషం తినేసింది ఇదే అని. చక్కెర డబ్బా మూతకే పంచాయితీ పెట్టే మనిషివి. నిజం చెప్పి నీతో బతకడం కంటే, అబద్ధం చెప్పి నాటకం పాడైపోవడమే నయం అనిపించింది."

"అంత భయమా నేనంటే?"

"భయం కాదు. విసుగు," అంది చెల్లి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు సాయంత్రం హాల్లో కుర్చీలు నిండుతుండగా భూతద్దం నీలం కోటు తొడుక్కుంది, గుండీలు పెట్టుకుంది, అద్దంలో చూసుకుంది. అన్నీ విప్పేసి కోటు చేతి మీద వేసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది. 'నా వల్ల కాదు' అన్న మూడు మాటల్లో మొదటిది మాత్రమే పైకి వినిపించింది. మిగతా రెండూ ఆమె పెదాల కదలిక చూసి ఆయన అర్థం చేసుకున్నాడు. చెల్లి వంక ఆయన తల ఊపగానే దాని ముఖం తెల్లబోయింది. ఆ కోటు భుజాలు దానికి కాస్త వదులు. వదిన సూదీ దారంతో పరిగెత్తుకొచ్చింది.

ఆ పూట భూతద్దం స్టేజీ పక్కన తెర సందులో నిలబడి నాటకమంతా చూసింది. చూసిందనడం కంటే వెతికిందనడం న్యాయం. చెల్లికి భయంగా ఉందా, ఉన్నట్టు నటిస్తోందా? గొడుగు పట్టుకున్నప్పుడు ఆ చిన్న నవ్వు వేషానిదా, దానిదేనా? పాట చివర్లో ఆ స్వరం దగ్గర చప్పట్లు పడ్డప్పుడు చెల్లి ముఖం విచ్చుకుంది. అది మాత్రం నటన కాదు. ఈమె కళ్ళు తప్పు చెప్పవు. విసుగు అంది కానీ, దీనికీ వేషం కావాలనే ఉంది అనుకుంది. మళ్ళీ తనే, కావాలనుకుంటే మాత్రం తప్పేముంది, నాకు లేదూ అనుకుంది. ఇలా రెండు వైపులా వాదించుకుంటుంటే పక్కన ఫ్లాస్కు మూత తిరిగిన చప్పుడైంది.

"తాగు," అంది వదిన. "ఇవాళ నా బండి ఎలాగూ రాదు. ఆ బేకరీ ఆయనకి ఒక్క తుమ్మైనా వస్తుందేమోనని చూస్తున్నా. ఉక్కులా ఉన్నాడు పాడుమనిషి."

భూతద్దం గ్లాసందుకుంది. క్షమించమని అడగడానికి గొంతు లేదు. వదినకి అది కలిసొచ్చింది, నాటకం అయ్యేదాకా తనే మాట్లాడింది.

నాటకం రెండు పూటలు. మర్నాడు, రెండో పూట ఆటకి ముందు, పగలంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. షాపులో జనానికి వేలితోనే బోర్డు చూపించింది. వేడినీళ్ళు వదిన పంపుతూనే ఉంది, ఈమె తాగుతూనే ఉంది. సాయంత్రానికి స్నానాలగదిలో తలుపేసుకుని మెల్లగా పాడి చూస్తే, గొంతు వచ్చింది. మునుపటి మెరుపు లేదు కానీ, పైదాకా వెళ్ళి నిలబడింది.

చిక్కు అక్కడే. మాస్టారి లెక్క ప్రకారం వేషం కట్టినవాళ్ళే అసలు మనిషి. నిన్నటితో చెల్లి అసలైంది, తను నీడైంది. ఇప్పుడు 'నా వల్ల కాదు' అనాల్సింది చెల్లి. మొదటి గంట కొట్టారు. చెల్లి కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని తయారుగా ఉంది. భూతద్దం గుంపుకిచ్చే బూడిదరంగు శాలువా కప్పుకుని దాని వంక చూడకుండా నిలబడింది. అడగకూడదనుకుంది. అడిగితే ఇచ్చేస్తుంది. ఇచ్చాక జాలిపడి ఇచ్చిందా, భయపడి ఇచ్చిందా అని మళ్ళీ మొదలు.

రెండో గంటకి చెల్లి తిన్నగా మాస్టారి దగ్గరికెళ్ళింది.

"నా వల్ల కాదు మాస్టారూ," అంది. హాలు వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేంత స్వచ్ఛంగా అంది.

మాస్టారు దాన్ని ఎగాదిగా చూసి, భూతద్దం వైపు తిరిగాడు. "నీడవి నువ్వు చెప్పమ్మా. దీని ఒంట్లో బాగాలేదా?"

ఒక్క అబద్ధం చాలు. అవును మాస్టారూ, పొద్దున్నుంచి జ్వరం అంటే కోటు తనదే. నిజం చెప్తే శాలువాయే. చెల్లి కళ్ళతోనే 'అవునను' అంటోంది. ఎందుకిస్తోంది ఇది? ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. భూతద్దం దాన్ని మింగేసింది. గొంతులో అది దిగడం కూడా తెలిసింది.

"దానికేం కాలేదు," అంది. "శుభ్రంగా ఉంది. నాకే పాడాలనుంది."

"దీనికి నియమం లేదే," అన్నాడు మాస్టారు.

"మీరు దాన్ని ఒక్క మాట అడగండి. వద్దంటే నేను వెనక్కి పోతాను."

చెల్లి అప్పటికే గుండీలు విప్పుతోంది. "నిన్న నేను పాడాను. ఇవాళ నువ్వు పాడు. మళ్ళీ దీనికింత ఆలోచనేంటి, చేతులు చాపు," అని కోటు తొడిగింది. ఇంకా వెచ్చగానే ఉంది అది. లోపల భుజాల దగ్గర వదిన చిన్నది చేసిన కుట్లు పట్టేస్తున్నాయి. విప్పడానికి టైము లేదు.

తెర లేచింది. మాటలు అయ్యాయి, సామాన్లు అయ్యాయి, గొడుగు వచ్చింది. భూతద్దం పాడింది. 'ఎక్కడ' అన్నచోట గొంతు ఒక్క క్షణం వణికి, పట్టు దొరికి నిలిచింది. నిన్న చెల్లి పాడినంత బాగా లేదని ఆమెకే తెలుసు. చప్పట్లు పడ్డాయి. నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని లెక్కపెట్టబోయి, వంగి దణ్ణం పెట్టింది. తల వంచి ఉన్నంతసేపూ చెల్లి ఉన్న వైపు చూడలేదు. చూడాలని మాత్రం మెడ లాగుతూనే ఉంది.

కథ ఇంతే. ఆ పిల్ల ఎందుకిచ్చిందో నాకూ తెలియదు, భూతద్దమూ ఇంతవరకూ అడగలేదు. నేనైతే తెర దిగకముందే అడిగేసేదాన్ని. మీ సంగతేంటి? మీ చోటు కోసం మీ పక్కనే ఎవరో తయారవుతున్నారని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? అది నిజమైందా, లేక పాపం వాళ్ళు కారు నేర్చుకుంటున్నారా? లేదా ఆ పక్కన తయారైంది మీరేనా? రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. నమ్ముతానని మాట ఇవ్వలేను కానీ, శ్రద్ధగా చదువుతాను.